తిండి శోధన: బరువు తగ్గే దారిలో క్రైస్తవ విశ్వాసం

బరువు తగ్గాలనుకున్న మనిషిని పట్టి లాగే తిండి యావను క్రైస్తవ సంప్రదాయం శోధనల్లో ఒకటిగా చూస్తుంది. బైబిల్లో ఆ శోధన చాలా ముందే వస్తుంది. ఆదికాండంలో తొలి అవిధేయత ఒక పండు తినడం దగ్గరే జరిగింది. అదే పుస్తకంలో ఏశావు పొలం నుంచి అలసిపోయి వచ్చి, ఒక్క పూట తిండి కోసం తమ్ముడికి జ్యేష్ఠత్వపు హక్కు అమ్మేసుకున్నాడు. సంఖ్యాకాండంలో ఇశ్రాయేలీయులు రోజూ మన్నా తిని విసిగి, ఐగుప్తులో తిన్న చేపల్నీ కీరకాయల్నీ ఉల్లి వెల్లుల్లినీ తలుచుకుని ఏడ్చారు. ఆ ఏడుపులో ఆకలి లేదు. కడుపు నిండినవాళ్లు రుచి కోసం ఏడ్చారు. బరువు తగ్గే ప్రయత్నంలో ఉన్నవాళ్లు ఆకలికీ యావకీ ఉన్న ఈ తేడాను ముందుగా పట్టుకోవాలి.

సువార్తల్లో ఏసుక్రీస్తుకు ఎదురైన శోధన ఈ విషయాన్ని ఇంకా లోతుగా చూపిస్తుంది. మత్తయి, లూకా ఇద్దరూ దాన్ని నాలుగో అధ్యాయంలోనే రాశారు. నలభై రోజుల ఉపవాసం తర్వాత ఆయనకు ఆకలైంది. రాళ్లను రొట్టెలు చేసుకొమ్మని సాతాను అన్నాడు. ఆయన ద్వితీయోపదేశకాండంలోని మాటతో జవాబిచ్చాడు. ఇక్కడ రొట్టె నిషిద్ధమైనదేమీ కాదు. తర్వాత అదే ఏసు ఐదువేలమందికి రొట్టెలు పంచాడు, పెళ్లి విందుకు వెళ్లాడు, తిండిపోతని ఎదుటివాళ్ల చేత అనిపించుకున్నాడు, పునరుత్థానం తర్వాత సరస్సు ఒడ్డున శిష్యులకు నిప్పుల మీద చేపలు కాల్చి పెట్టాడు. ఆకలి తప్పు కాదు, రొట్టే తప్పు కాదు. తండ్రి మీద నమ్మకం వదిలి, ఆ క్షణాన కడుపు చెప్పినట్టు చెయ్యమనడంలో ఉంది శోధనంతా. వడ్డించిన పళ్లేన్ని శత్రువులా చూసేవాళ్లు ఈ ఘట్టాన్ని సగమే చదివినట్టు.

నాలుగో శతాబ్దంలో ఐగుప్తు ఎడారులకు వెళ్లి బతికిన సన్యాసులు తిండి యావను చాలా లోతుగా పరిశీలించారు. వారిలో ఎవాగ్రియస్ (మరణం 399) మనిషిని తొలిచే ఆలోచనలను ఎనిమిదిగా లెక్కగట్టి, తిండిపోతుతనాన్ని మొదట పెట్టాడు. ఆలోచన రాకుండా ఆపడం మనిషి చేతిలో లేదని, దాన్ని లోపల కూర్చోబెట్టుకోవాలా వద్దా అన్నది మాత్రం చేతిలో ఉందని అతని బోధ. మిఠాయి కొట్టు ముందు నోరూరినందుకే తాను ఓడిపోయానని కుమిలిపోయేవారికి ఇది పెద్ద ఊరట. యాకోబు పత్రిక మొదటి అధ్యాయం కూడా ఆశ పుట్టడాన్నీ, అది గర్భం ధరించి పాపాన్ని కనడాన్నీ వేర్వేరు దశలుగానే చెబుతుంది. ఆ రెండింటి మధ్య కొన్ని క్షణాలుంటాయి. విశ్వాసం పని చేసే చోటు అదే. ఒక చిన్న ప్రార్థన చేసుకోవడం, కంఠతా వచ్చిన ఒక కీర్తన వచనం మనసులో అనుకోవడం, అక్కడి నుంచి లేచి పక్కకు నడవడం చూడటానికి చిన్న పనులే. కానీ ఆ క్షణాల్ని అవి కాస్త పొడిగిస్తాయి. యావ ఎగసి, కాసేపుండి, దానంతటదే తగ్గేది కాబట్టి ఆ పొడిగింపు చాలాసార్లు సరిపోతుంది.

ఎవాగ్రియస్ బోధను పడమటికి తెచ్చిన జాన్ కాసియన్ తన గ్రంథంలో ఒక భాగమంతా తిండిపోతుతనానికే కేటాయించాడు. అందరికీ ఒకే కొలత పెట్టకూడదని, వయసునూ ఒంటి బలాన్నీ బట్టి అది మారుతుందని, రెండు మూడు రోజులు కడుపు మాడ్చుకుని ఆపై మితిమీరి తినేకన్నా రోజూ కొంచెం ఆకలి మిగుల్చుకుని లేవడమే మేలని చెప్పాడు. ఈనాటి ఆహార నిపుణులు చెప్పేది కూడా ఇంచుమించు ఇదే. ఆరో శతాబ్దం చివర రోమ్ బిషప్‌గా ఉన్న గ్రెగొరీ తిండిపోతుతనం ఐదు దారుల్లో వస్తుందన్నాడు: వేళకు ముందే తినడం, ఖరీదైన తిండి కోరడం, వంటలో మరీ నాజూకు వెతకడం, ఎక్కువ తినడం, ఆత్రంగా తినడం. ఎంత తిన్నారన్నది ఆ ఐదింటిలో ఒకటి మాత్రమే. కేలరీలు లెక్కపెట్టుకుంటూ కూడా రోజంతా తిండి గురించే ఆలోచించే మనిషి గ్రెగొరీ లెక్కలో తిండి నుంచి విడుదల పొందినట్టు కాదు.

వేదాంతి అగస్టీన్ తన ఆత్మకథ పదో భాగంలో ఇంకా నిజాయితీగా మాట్లాడాడు. తిండిని మందులా తీసుకోవాలని నేర్చుకున్నా, ఆకలి బాధ నుంచి తృప్తికి వెళ్లే దారిలోనే సుఖం కాచుకుని ఉంటుందని, ఆరోగ్యం కోసం తింటున్నానా రుచి కోసం తింటున్నానా అన్నది తనకే తేలదని ఒప్పుకున్నాడు. తాగుబోతుతనాన్ని ఒక్కసారిగా మానేసినట్టు తిండిని మానలేం. రోజుకు మూడుసార్లు శోధన ఎదుట కూర్చుని, దానితో కొంత ఒప్పందం చేసుకుని లేవాల్సిందే. మద్యం విషయంలో పనికొచ్చే పూర్తి విసర్జన తిండి విషయంలో కుదరకపోవడానికి కారణం ఇదే.

ఈ బోధంతా గాలిలో ఉండదు. దానికొక ఊరూ, ఒక వేళా ఉంటాయి. మహారాష్ట్రలోని ఠాణే జిల్లా భివండీ మరమగ్గాల పట్నం. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి నేత పని కోసం వలస వెళ్లిన పద్మశాలీలు తరాలుగా అక్కడ ఉన్నారు. పద్మానగర్ తెలుగువాళ్ల పేట. ఊరికి పక్కన, ముంబయి–నాసిక్ హైవేను ఆనుకుని మాన్కోలి ఉంది. ఒకప్పటి పొలాల్లో ఇప్పుడు గోదాములున్నాయి. కార్ఖానాల్లో సాంచాలు, అంటే మరమగ్గాలు, పన్నెండేసి గంటల పాళీల్లో రాత్రీ పగలూ నడుస్తాయి. గోదాముల్లో లారీలకు సరుకు ఎక్కించడం దించడం కూడా రాత్రి పనే. వలస కూలీలు నెలకింతని డబ్బు కట్టి బిస్సీలనే భోజనశాలల్లో తింటారు. ఆ ఊళ్లో తెలుగు క్రైస్తవులు తక్కువే. కానీ సాంచా పనిలో ఉన్న మనిషి ఏ మతం వాడైనా వాడికి శోధన వచ్చే వేళ ఒకటే: రాత్రి రెండు, మూడు గంటల మధ్య. సాంచాల చప్పుడుకు చెవులు దిమ్మెక్కి, కళ్లు మూతలు పడుతూ, తెగిన పోగు అతకడానికి చేతులు తడబడుతున్నప్పుడు గల్లీ మొదట్లో చాయ్ మరుగుతుంటుంది. ఆ వేళ చాయ్ ఆకలి కోసం తాగేది కాదు, మెలకువ కోసం తాగేది. కప్పుకు రెండు చెంచాల చక్కెర అంటే 10 గ్రాములు, 40 కేలరీలు. రాత్రికి ఆరు కప్పులయితే 240. ఒక వడాపావ్ తోడైతే దగ్గర దగ్గర ఇంకో 300. ఇంత కలిపి నడకతో కరిగించాలంటే రెండు గంటలు పడుతుంది. పన్నెండు గంటలు నిలబడి వచ్చిన కాళ్లకు ఆ ఓపిక ఉండదు.

ఆ మనిషిని పట్టుకుని విశ్వాసం చాలక తిన్నావని అనడం అన్యాయం. 2004లో షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకులు 12 మంది ఆరోగ్యవంతులైన యువకులను రెండు రాత్రులు నాలుగేసి గంటలే పడుకోనిచ్చి చూశారు. కడుపు నిండిందని మెదడుకు చెప్పే లెప్టిన్ 18 శాతం తగ్గింది, ఆకలి పుట్టించే గ్రెలిన్ 28 శాతం పెరిగింది. వాళ్లకు తీపి, ఉప్పు, పిండి పదార్థాల మీద ఆశ ఎక్కువైంది. నిద్ర లేనివాడి శోధన సగం నెత్తుట్లోనే తయారవుతోందన్నమాట. దీన్ని వేదాంతానికి విరుద్ధమనుకోనక్కర్లేదు. మొదటి రాజుల గ్రంథం పంతొమ్మిదో అధ్యాయంలో ఏలీయా అలసిపోయి, చచ్చిపోతే బాగుండునని చెట్టుకింద పడుకున్నప్పుడు దేవదూత అతనికి బోధ చెయ్యలేదు. తట్టి లేపి, రొట్టె తినిపించి, నీళ్లు తాగించి, మళ్లీ పడుకోనిచ్చాడు. దేవుడు ఏలీయాతో మాట్లాడింది ఆ తర్వాతే. రాత్రి పాళీ చేసేవాడికి సంఘ కాపరి ఇవ్వదగిన మొదటి సలహా పగలు నిద్ర చెడకుండా చూసుకోమనడం. రెండోది, ఆ మూడు గంటల వేళకు ముందే ఇంటి నుంచి గుడ్డో శనగలో కట్టుకుని వెళ్లమనడం. మొదటి కొరింథీయుల పత్రిక పదో అధ్యాయంలో పౌలు, శోధనతోపాటే దేవుడు తప్పించుకునే దారి కూడా కలగజేస్తాడని రాశాడు. ఆ దారి చాలాసార్లు ఇలాంటి టిఫిన్ డబ్బా రూపంలోనే ఉంటుంది.

మనోబలం మీద మరీ భరోసా పెట్టుకోకూడదని శాస్త్రం కూడా చెబుతోంది. 1998లో అమెరికాలో రాయ్ బౌమైస్టర్ బృందం, అప్పుడే కాల్చిన బిస్కెట్ల ముందు కూర్చుని ముల్లంగి మాత్రమే తిన్నవాళ్లు ఆ తర్వాత ఇచ్చిన కష్టమైన పజిల్‌ను త్వరగా వదిలేశారని చూపి, నిగ్రహం వాడితే ఖర్చయ్యే సరుకని సిద్ధాంతం చేసింది. 2016లో 23 ప్రయోగశాలలు కలిసి, రెండువేల మందికి పైగా మనుషులతో ఆ సిద్ధాంతాన్ని వేరే పరీక్షతో సరిచూస్తే ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. నిగ్రహం ఎలా పని చేస్తుందో ఇంకా తేలని విషయమే. క్రైస్తవ బోధ మాత్రం నిగ్రహాన్ని వట్టి కండబలంలా చూడదు. గలతీయుల పత్రికలో ఆశానిగ్రహం ఆత్మ ఫలాల్లో ఒకటి. ఫలం చెట్టుకు కాస్తుంది, పిడికిలి బిగిస్తే రాదు. ప్రేమ, సంతోషం, సమాధానంతో మొదలయ్యే ఆ వరుసలో అది చివరిది కావడం గమనించదగ్గది. ఇంట్లో పోరు, అప్పు దిగులు, ఒంటరితనం మూలంగా తినేవాడికి ముందుగా కావలసింది సమాధానం. అతన్ని తిండి మానమంటే పైపైన నయం చేసినట్టే.

ఉపవాసం దగ్గర చాలామంది పొరబడతారు. తెలుగు సంఘాల్లో శుక్రవారం ఉపవాస ప్రార్థన మామూలు. క్యాథలిక్కులు, సీఎస్ఐ వంటి సంఘాలవారు భస్మ బుధవారం నుంచి ఈస్టర్ దాకా శ్రమకాలం పాటిస్తారు. క్యాథలిక్ చట్టం 18 ఏళ్లు నిండినవారి నుంచి అరవయ్యో ఏడు మొదలయ్యేవరకు, అదీ భస్మ బుధవారం, శుభ శుక్రవారం రోజుల్లో మాత్రమే ఉపవాసం తప్పనిసరి చేసింది. ఆ రోజుల్లో కూడా ఒక పూర్తి భోజనం తినొచ్చు. జబ్బు ఉన్నవారికి మినహాయింపు ఉంది. ఈ ఉపవాసం ఒంట్లో కొవ్వు కరగడానికి పెట్టింది కాదు. యెషయా 58వ అధ్యాయం ప్రకారం దేవుడు కోరిన ఉపవాసం ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడం. కొండమీది ప్రసంగంలో ఏసు, ఉపవాసం ఉన్నట్టు ముఖం వేలాడేసుకుని పదిమందికీ చూపించుకోవద్దన్నాడు. బరువు తగ్గడం కోసం ఉపవాసం ఉండి దానికి ప్రార్థన అని పేరు పెడితే, దేవుణ్ణి సాధనంగా వాడుకున్నట్టవుతుంది. ఆచరణలో నష్టం కూడా ఉంది. పొద్దుటి నుంచి మూడింటిదాకా నీళ్లతో ఉండి, ప్రార్థన ముగిశాక బిర్యానీతోనో పులిహోరతోనో రెండు పూటల తిండి ఒక్కసారే తింటే కాసియన్ వద్దన్న పనే చేసినట్టు. ఇన్సులిన్ తీసుకునే మధుమేహులు, కొన్ని రకాల షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు.

దానియేలు ఉపవాసం పేరుతో పప్పులు, కూరగాయలు, నీళ్లతో బరువు తగ్గే పద్ధతి ఒకటి ఈ మధ్య బాగా ప్రచారంలోకి వచ్చింది. దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం చదివితే కథ వేరుగా ఉంటుంది. పది రోజుల తర్వాత దానియేలు, అతని ముగ్గురు స్నేహితులు రాజు భోజనం తిన్నవాళ్లకన్నా కండపట్టి కనిపించారు. వాళ్లు వద్దన్నది రాజు బల్లను, ఆ బల్లతో వచ్చే దాస్యాన్ని. వాళ్ల మనసులో సన్నబడాలన్న ఆలోచనే లేదు. అలాగే శరీరం దేవుని ఆలయమన్న పౌలు మాటను బరువు గురించి తరచూ వాడతారు. మొదటి కొరింథీయులు ఆరో అధ్యాయంలో ఆ మాట వచ్చింది వ్యభిచారం గురించి. ఒంటిని జాగ్రత్తగా చూసుకోవాలన్న అర్థం దాని నుంచి తీసుకోవచ్చు, అది సమంజసమే. లావుగా ఉన్నవాడు ఆలయాన్ని పాడుచేశాడన్న అర్థం మాత్రం అందులో లేదు.

తెలుగు క్రైస్తవానికి తిండితో ఉన్న పాత సంబంధం ఈ సన్నబడే ఆరాటానికి పూర్తిగా భిన్నమైనది. 1876–78 కరువులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం గుత్తకు తీసుకుని వేలమందికి కూలి, కూడు చూపించాడు. కూటి కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని సాయం నడిచినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తీరాక 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒకేరోజు 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మెదక్‌లో మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కరువు రోజుల్లో పనికి ఆహారం పద్ధతిలో కట్టించిన చర్చి 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది. ఆకలి తెలిసిన తరాలవాళ్లు విందును దేవుని దీవెనగా చూడటం సహజం. పండక్కి పళ్లెం నింపి పెట్టడం, వద్దంటే నొచ్చుకోవడం, ఒళ్లు చేసిన బిడ్డను చూసి మురవడం ఆ జ్ఞాపకం నుంచి వచ్చినవే. వాటిని మూఢత్వమని తీసిపారేయకూడదు. కాలం మాత్రం మారింది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల స్త్రీలలో దేశం మొత్తం మీద 24 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారు. ఆ సర్వే బీఎంఐ 25ను గీతగా పెట్టుకుంది. దక్షిణాసియా శరీరాల్లో పొట్టచుట్టూ కొవ్వు త్వరగా చేరుతుంది కాబట్టి, ముప్పు 23 నుంచే మొదలవుతుందని వైద్యులు చెబుతారు.

విశ్వాసం నిజంగా అక్కరకొచ్చేది నియమం తప్పిన తర్వాత. 1975లో హెర్మన్, మాక్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు కొందరికి ముందు మిల్క్‌షేక్ ఇచ్చి, తర్వాత ఐస్‌క్రీం ఎంత తింటారో చూశారు. తిండి విషయంలో తమను తాము కట్టడి చేసుకోనివాళ్లు మిల్క్‌షేక్ తాగాక తక్కువ తిన్నారు. నిత్యం కట్టడి చేసుకునేవాళ్లు ఇంకా ఎక్కువ తిన్నారు. ఎలాగూ నియమం తప్పింది కదా, ఇక ఎంత తింటే ఏమన్న ధోరణి అది. ఒక లడ్డూతో ఆగాల్సింది డబ్బా ఖాళీ కావడం ఇలాగే జరుగుతుంది. క్రైస్తవ బోధలో ఈ నిరాశకు సూటి జవాబుంది. పేతురు ఒకే రాత్రి మూడుసార్లు క్రీస్తును ఎరగనన్నాడు, ఏడ్చాడు, తిరిగి వచ్చాడు. తప్పు ఒప్పుకున్నవాడికి ఆ గడియ నుంచే కొత్త లెక్క. వచ్చే సోమవారం దాకానో, కొత్త సంవత్సరం దాకానో ఆగనక్కర్లేదు. పడినా ప్రేమ తగ్గదన్న నమ్మకం ఉన్నవాడు పడిన సంగతి దాచుకోడు. ఇద్దరు ముగ్గురు విశ్వాసులు వారానికోసారి కూర్చుని ఏ వేళ, ఏ చోట తప్పారో దాపరికం లేకుండా చెప్పుకుని ఒకరికోసం ఒకరు ప్రార్థన చేసుకుంటే, అది ఒంటరిగా పట్టే నియమం కన్నా ఎక్కువకాలం నిలుస్తుంది. 1981లో హ్యూస్టన్ ఫస్ట్ బాప్టిస్టు చర్చిలో మొదలైన ఫస్ట్ ప్లేస్ కార్యక్రమం, 2011లో కాలిఫోర్నియాలోని శాడిల్‌బ్యాక్ చర్చి మొదలుపెట్టిన డేనియల్ ప్లాన్ ఈ తోడునే ఆధారం చేసుకున్నాయి.

ఇదే విశ్వాసం చేటు కూడా చేయగలదు. అమెరికాలో గ్వెన్ షాంబ్లిన్ 1986లో మొదలుపెట్టిన వెయ్ డౌన్ వర్క్‌షాప్ వేల చర్చిలకు పాకింది. ఆకలైనప్పుడే తినమని, ఆకలి తీరగానే ఆపమని, మిగతా వెలితిని దేవునితో నింపుకోమని చెప్పిన తొలి బోధలో మంచి ఉంది. క్రమంగా అందులో సన్నబడటం విధేయతకు, లావు తిరుగుబాటుకు గుర్తులయ్యాయి. 1999లో ఆమె సొంత సంఘమే పెట్టుకుంది. బరువును భక్తికి తూకంగా పెట్టిన చోట ఇలాంటి పెడదారి తప్పదు. పాతకాలంలో ఇంకో కొస కనిపిస్తుంది. సియెనా కేథరిన్ అనే ఇటలీ పునీతురాలు ఒప్పుకోలు వినే గురువులు తినమన్నా తినలేని స్థితికి చేరి, 1380లో 33 ఏళ్లకే కన్నుమూసింది. కొలస్సయుల పత్రిక రెండో అధ్యాయంలో పౌలు, ఒంటిని కఠినంగా శిక్షించడం భక్తిలా కనిపించినా ఆశల్ని అణచడంలో దానికి విలువ లేదని తేల్చి చెప్పాడు. తిన్నదాన్ని కక్కుకోవడం, రోజులకొద్దీ మాడటం, అద్దంలో తనను తాను అసహ్యించుకోవడం కనిపిస్తే ప్రార్థన మాత్రమే చాలదు, వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

మితిమీరిన ఆకలి మనసును ఏం చేస్తుందో చూపిన ప్రయోగం ఒకటి ఎక్కువగా క్రైస్తవుల త్యాగంతోనే జరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో తుపాకి పట్టబోమన్న 36 మంది యువకులు, వారిలో బ్రెద్రెన్, క్వేకర్, మెన్నొనైట్ వంటి శాంతి సంఘాలవారు చాలామంది, 1944 నవంబరులో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ పరిశోధనకు ఒళ్లప్పగించారు. యుద్ధంలో మాడిన జనానికి మళ్లీ ఎలా తినిపించాలో తెలుసుకోవడం దాని ఉద్దేశం. ఆరు నెలల అరకొర తిండితో వాళ్లు పావు వంతు బరువు పోగొట్టుకున్నారు. గాఢమైన విశ్వాసం, గొప్ప లక్ష్యం ఉన్న ఆ మనుషులే పగలూ రాత్రీ తిండినే కలవరించారు, వంటల పుస్తకాలు పోగుచేసుకున్నారు, చిరాకుతో పోట్లాడుకున్నారు, కొందరు దొంగచాటుగా తిన్నారు. బరువు వేగంగా దించిన ఒళ్లు దాన్ని తిరిగి తెచ్చుకోవడానికి పోరాడుతుంది. భక్తి ఆ పోరాటాన్ని రద్దు చెయ్యదు. అందుకే నెలకు ఒకటి రెండు కిలోల చొప్పున నెమ్మదిగా తగ్గడమే శోధన పరంగా కూడా మంచిది. పుట్టుకతో వచ్చిన ఒంటి తీరు, థైరాయిడ్ లోపం, స్టెరాయిడ్ల వంటి మందులు బరువును పెంచుతాయి. వాటి విషయంలో శోధన, పాపం అన్న మాటలే వర్తించవు.

శోధనను ఎదుర్కొనే బాధ్యతంతా అందులో పడేవాడి ఒక్కడి మీదే ఉందనుకోవడం పౌలు బోధ కాదు. రోమీయుల పత్రిక పద్నాలుగో అధ్యాయం తిండి విషయంలో సహోదరుడి దారికి అడ్డుబండ వేయవద్దని బలమైనవాళ్లకే చెబుతుంది. బరువు తగ్గాలని డాక్టరు చెప్పిన విశ్వాసికి రెండోసారి బలవంతంగా వడ్డించడం, ఒళ్లు చూసి పదిమందిలో ఎగతాళి చేయడం రెండూ ఆ బండలే. ఆరాధన తర్వాతి ప్రేమ విందులో కూరలూ పెరుగన్నమూ ముందు పెట్టి, వేపుళ్లూ తీపీ తగ్గించి, చాయ్‌లో చక్కెర విడిగా ఉంచడం సంఘం చేతిలో పని. రంజాన్ నెలలో భివండీలోని ముస్లిం గల్లీల్లో పగలు హోటళ్లు చాలావరకు మూసి ఉండటం వల్ల ఉపవాసం ఉన్నవాడికి సగం శోధన తప్పుతుంది. ఒక్కడి నియమాన్ని చుట్టూ ఉన్నవాళ్లు మోయడం అంటే అలాగే ఉంటుంది. రాత్రి పాళీ దిగి ఆదివారం పొద్దున నేరుగా ఆరాధనకు వచ్చే మనిషికి చర్చి గుమ్మం దగ్గర సమోసాకు బదులు ఒక అరటిపండు, మంచినీళ్లు ఇచ్చి, ముందు కాసేపు కూర్చోమనడం కూడా ఈ బోధ కిందికే వస్తుంది.